అస్సీరియా పేర్లను ముక్కలు చేసి మూలాలు వెతకడం ఎలా?

బైబిల్లో కనిపించే అస్సీరియా (ఇప్పటి ఉత్తర ఇరాక్ వైపు ప్రాచీన రాజ్యం) రాజు సన్హెరీబు పేరుకు అర్థం ఏమిటి? అతని కొడుకు ఏసర్హద్దోను పేరు ఎక్కడిది? మన పురాణాల్లో అసురులు అంటే అస్సీరియా వాళ్ళేనా? ఈ మూడు ప్రశ్నలూ ఏదో ఒక రూపంలో నన్ను చేరుతూనే ఉంటాయి. మొదటి రెండూ బైబిలు చదివేవాళ్ళవి, మూడోది మాత్రం ఎక్కువగా వీడియోలు చూసి వచ్చినవాళ్ళది. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాయడం కన్నా పద్ధతంతా ఒకచోట పెట్టేస్తే ఎవరి పేరు వాళ్ళే విప్పుకోవచ్చు కదా అని ఇది రాస్తున్నా.

అస్సీరియా, బబులోను వాళ్ళ పాత భాష అక్కాడియన్. అది రాకపోయినా ఫరవాలేదు. ఓ ఇరవై ముప్ఫై ముక్కలు గుర్తుంటే చాలా పేర్లు వాటంతటవే విడిపోతాయి. ఒక్క విషయం మాత్రం ముందే ఒప్పుకుని కూర్చోండి: ఒక పేరు ఇంకో పేరులా వినిపించడం ఆధారం కాదు. అదే ముక్క, అదే స్థానంలో, అదే పని చేస్తూ చాలా పేర్లలో కనిపిస్తేనే ఆధారం. ఇది నచ్చకపోతే మిగతాది చదివి లాభం లేదు, నిజంగానే చెబుతున్నా.

ఏమేం కావాలి

ఒక నోటు పుస్తకం, లేదా ఫోన్‌లో ఒక షీట్. అందులో ఐదు గళ్ళు: మనకు తెలిసిన రూపం, అక్కాడియన్ రూపం, గుర్తుల రూపం (మట్టి పలక మీద రాసిన తీరు), అర్థం, ఊరు-కాలం. చివరి గడిని చాలామంది వదిలేస్తారు, తర్వాత దాని కోసమే తిరిగి వెతుక్కుంటారు.

పేర్ల కోసం ఇంటర్నెట్‌లో ఓరాక్ అనే ఉచిత సంగ్రహం ఉంది. అస్సీరియా రాజుల శాసనాలు, నీనెవె కోటలో దొరికిన ఉత్తరాలు, అన్నీ అనువాదంతో సహా అందులో ఉన్నాయి. మాటల అర్థానికి షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ అస్సీరియన్ నిఘంటువు. 1921లో మొదలుపెట్టి 2011లో ముగించారు, సంపుటాలన్నీ ఉచితంగా పీడీఎఫ్‌లో దొరుకుతాయి. ఇంట్లో తెలుగు బైబిలు ఉంటే పక్కన పెట్టుకోండి. రాజులు రెండవ గ్రంథము, యెషయా, ఎజ్రా, దానియేలు ఈ పనికి పనికొస్తాయి.

పాత పుస్తకాల విషయంలో మాత్రం జాగ్రత్త. పందొమ్మిదో శతాబ్దపు స్కాన్ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి కాబట్టి అందరూ ముందు వాటి మీదే పడతారు. వాటిలో అదద్-నిరారి అనే రాజు పేరు వుల్-లుష్ అని ఉంటుంది. అక్కడి పురాణ వీరుడు గిల్గమేష్ పేరు ఇజ్దుబార్ అని ఉంటుంది. అప్పటికి ఆ గుర్తులను ఎలా చదవాలో తేలలేదు, అంతే. ఇప్పటికీ ఆ వుల్ అనే దేవుణ్ణి పట్టుకుని ఎక్కడెక్కడి భాషలకో ముడిపెట్టేవాళ్ళున్నారు. అసలు అలాంటి దేవుడే లేడు.

ఇక దశలు

1. ముందు సరైన రూపం పట్టుకోండి

తెలుగు బైబిల్లో ఉన్న రూపం మన దగ్గరికి చేరేసరికి చాలా చేతులు మారింది. అక్కాడియన్ పేరు హీబ్రూలోకి వెళ్ళింది, అక్కడి నుంచి అనువాదాల్లోకి, చివరికి తెలుగు ఉచ్చారణకు తగ్గట్టు 'ఉ'కారం తగిలించుకుంది. ఆ రూపాన్ని ముక్కలు చేస్తే ఏమీ రాదు. "సన్-హెరీబు" అని విడగొట్టి సన్ అంటే సూర్యుడు అని ఇంగ్లీషు అర్థం చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు! అక్కాడియన్ రూపం ఇది: సిన్-అఖ్ఖే-ఎరీబ. ముక్కలు చేయాల్సింది దీన్ని.

కొన్ని జతలు ఇక్కడే రాసుకోండి.

ఏసర్హద్దోను: అష్షుర్-అఖు-ఇద్దిన
తిగ్లత్పిలేసెరు: తుకుల్తి-అపిల్-ఎషర్ర
షల్మనేసెరు: షుల్మాను-అషరేద్
సర్గోను: షర్రు-కీన్
నెబుకద్నెజరు: నబు-కుదుర్రి-ఉసుర్ (ఇతను బబులోను వాడు, అస్సీరియా వాడు కాదు)
బెల్షస్సరు: బేల్-షర్-ఉసుర్ (ఇతనూ అంతే)

తెలుగు లిపితో ఒక చిక్కుంది. అక్కాడియన్లో స, ష కాక ఇంకో గట్టి 'స' ఉంది; రోమన్ లిపిలో ఎస్ కింద చుక్క పెట్టి రాస్తారు. ష కోసం ఎస్ మీద చిన్న 'వీ' లాంటి గుర్తు పెడతారు. గొంతులోంచి వచ్చే 'ఖ'కు హెచ్ కింద వంపు ఉంటుంది. తెలుగులో రాసేటప్పుడు రెండు 'స'లూ ఒకటే అయిపోతాయి. అందుకని రోమన్ రూపం గుర్తులతో సహా పక్కన కాపీ చేసుకోండి, వెతికేటప్పుడు దానితోనే వెతకండి. చుక్కలూ వంపులూ తీసేసి టైపు చేస్తే వేరే మాట అర్థం తగులుతుంది.

2. పేరుకు ముందున్న చిన్న అక్షరాలు చూడండి

పండితులు రాసిన పాఠంలో పేరుకు ముందు పైన చిన్నగా ఒక అక్షరమో అంకెయో ఉంటుంది. అది ఉచ్చరించడానికి కాదు. నిలువుగా ఒక్క గాటు ఉంటే మగవాడి పేరు, దాన్ని ఎమ్ అనో ఒకటి అనో రాస్తారు. ఎఫ్ అంటే ఆడపేరు. డీ అంటే వెనకే వచ్చేది దేవుడి పేరు. దీన్ని చూడకుండా చదివితే ఊరి పేరును మనిషి పేరనుకునే ప్రమాదం ఉంది.

3. దేవుణ్ణి వెతకండి

అస్సీరియా పేర్లలో చాలా వాటిలో ఒక దేవుడుంటాడు, ఎక్కువగా మొదట్లోనే. అష్షుర్ (వాళ్ళ కులదైవం, తొలి రాజధాని పేరు కూడా అదే), సిన్ చంద్రుడు, షమాష్ సూర్యుడు, అదద్ ఉరుముల దేవుడు, ఇష్తార్, నబు, నినుర్త, నెర్గల్, బేల్ అంటే ప్రభువు. వీటిలో ఒకటి కనిపించిందా, పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టండి.

కొన్నిసార్లు దేవుడు చివర ఉంటాడు. షంషి-అదద్ అంటే "అదద్ నా సూర్యుడు". తుకుల్తి-నినుర్త అంటే "నా నమ్మకం నినుర్త". తుకుల్తి-అపిల్-ఎషర్రలో దేవుడి పేరు నేరుగా లేదు; "ఎషర్ర కొడుకే నా నమ్మకం" అని ఉంది. ఎషర్ర అనేది గుడి పేరు, ఆ కొడుకు అంటే దేవుడు. ఇలా చుట్టు తిరిగి చెప్పడం కూడా వాళ్ళకు అలవాటే.

ఒక్కోసారి ఊరే దేవుడి స్థానంలో కూర్చుంటుంది. అష్షుర్‌బానిపాల్ రాణి లిబ్బాలి-షర్రత్: "లోపలి ఊరు రాణి" అని అర్థం, లోపలి ఊరంటే అష్షుర్ పట్టణం. చివరి 'త్' చూడండి: షర్రు రాజు, షర్రత్ రాణి. ఆ 'త్' ఆడపేర్లలో పదే పదే తగులుతుంది.

4. మిగిలిన ముక్కలకు అర్థం పెట్టండి

దేవుడు పోగా సాధారణంగా రెండు ముక్కలు మిగులుతాయి: ఒకటి ఇంటి మనిషి, ఒకటి క్రియ. ఇంటి మనుషుల్లో అఖు అంటే సోదరుడు (బహువచనం అఖ్ఖే), అప్లు అంటే వారసుడు, షుము అంటే పేరు లేదా సంతానం, షర్రు రాజు. క్రియల్లో ఇద్దిన ఇచ్చాడు, బాని సృష్టించేవాడు, నాసిర్ కాపాడేవాడు, ఉసుర్ కాపాడు (ఇది వేడుకోవడం), ఎరీబ పోయినవాళ్ళకు బదులుగా ఇచ్చాడు, ఉబల్లిత్ బతికించాడు, లామూర్ చూడాలి అని కోరిక.

ఇప్పుడు కలపండి.

అష్షుర్ + అఖు + ఇద్దిన: అష్షుర్ ఒక సోదరుణ్ణి ఇచ్చాడు.
అష్షుర్ + బాని + అప్లి: అష్షుర్ వారసుణ్ణి సృష్టించేవాడు. మనం అష్షుర్‌బానిపాల్ అంటున్న రాజు ఇతనే.
అష్షుర్ + నాసిర్ + అప్లి: అష్షుర్ వారసుణ్ణి కాపాడేవాడు.
సిన్ + అఖ్ఖే + ఎరీబ: పోయిన సోదరులకు బదులు సిన్ ఇచ్చాడు.

అంటే ఇవి పేర్లు కావు, చిన్న వాక్యాలు. దీన్ని గమనించాక మిగతా పని సగం తేలికవుతుంది. వాక్యం కాని పేర్లూ ఉన్నాయి లెండి, కానీ రాజుల జాబితాతో మొదలుపెడితే వాక్యాలే ఎక్కువ తగులుతాయి.

చివరన షర్రు-ఉసుర్ (రాజును కాపాడు) ఉన్న పేరు తగిలితే ఆ మనిషి కొలువులో ఉద్యోగి అయ్యే అవకాశం ఎక్కువ. నబు-షర్రు-ఉసుర్ లాంటి పేర్లు అధికారులవే తరచూ. పేరులోనే విధేయత చూపించడమన్నమాట, బహుశా ఉద్యోగంలో చేరాక పెట్టుకున్నదే.

5. అర్థంలోంచి కుటుంబ కథ లాగండి, కానీ అంతటితో ఆగండి

సన్హెరీబు పేరులో "సోదరులకు బదులు" అని ఉంది కాబట్టి అతనికి ముందు పుట్టిన పిల్లలు పోయారని చరిత్రకారులు అంటారు, ఇది న్యాయమైన ఊహే. ఏసర్హద్దోను పేరు "సోదరుణ్ణి ఇచ్చాడు" అంటోంది, అంటే అప్పటికే ఇంట్లో అన్నలున్నారు. శాసనంలో అతనే స్వయంగా అన్నలందరిలో చిన్నవాణ్ణని చెప్పుకున్నాడు. పేరూ శాసనమూ ఒకే మాట చెబుతున్నాయి, ఇలాంటి జోడీ దొరికితే మీ ఊహకు బలం. పేరు ఒక్కటే ఉంటే ఊహ దగ్గరే ఉండిపోండి.

రాజుల పేర్లలో ఇంకో మెలిక. సర్గోను, అంటే షర్రు-కీన్, "రాజు న్యాయమైనవాడు" లాంటి అర్థం. పసిపిల్లాడికి పెట్టే పేరులా ఉందా ఇది? క్రీ.పూ. 722లో గద్దె ఎక్కినప్పుడు పెట్టుకున్నాడనే అనుమానం బలంగా ఉంది. ఏసర్హద్దోనుకైతే తండ్రి ఇంకో పేరు కూడా పెట్టాడు: అష్షుర్-ఎతెల్-ఇలాని-ముకీన్-అప్లి. ఒకే మనిషికి రెండు పేర్లు కనిపిస్తే ఇద్దరు మనుషులనుకుని వంశవృక్షం గీసేయకండి.

6. గుర్తుల రూపం కూడా ఒకసారి చూడండి

ఈ దశను దాటేసేవాళ్ళే ఎక్కువ, కానీ అసలు అక్షరాల ఆట ఇక్కడే ఉంది. అస్సీరియా లేఖకులు పేర్లను ఎక్కువగా పలికినట్టు రాసేవాళ్ళు కాదు. పొట్టిగా, సుమేరియన్ (అక్కాడియన్ కన్నా ముందు అక్కడ రాసిన భాష) గుర్తులతో రాసేవాళ్ళు. సన్హెరీబు పేరు మట్టి పలక మీద ఇలా ఉంటుంది: దేవుడి గుర్తు, 30 అంకె, పాప్, మెష్, సు. ఇందులో సిన్ లేదు, అఖ్ఖే లేదు, ఎరీబ లేదు! 30 అంటే చంద్రుడు, నెలకు ముప్ఫై రోజులు కాబట్టి. పాప్ అంటే సోదరుడు, మెష్ బహువచనం, సు అంటే పోయినదానికి బదులుగా ఇవ్వడం.

అలాగే 20 అంటే షమాష్, 15 అంటే ఇష్తార్. 20నే రాజు అనే మాటకూ వాడతారు. పాప్ గుర్తుకు సోదరుడనే కాక కాపాడడం అనే అర్థం కూడా ఉంది. అష్షుర్-నాసిర్-అప్లి పేరును అష్-పాప్-అ అని మూడే గుర్తులతో రాసేవారు, అక్కడ పాప్ అంటే నాసిర్. ఒకే గుర్తు ఒక పేరులో అన్నయ్య, ఇంకో పేరులో కాపలావాడు. ఎలా తెలుస్తుంది మరి? స్థానం వల్ల, పక్క గుర్తు వల్ల, ఇంకోచోట అదే పేరును పలికినట్టు విడమరిచి రాసిన పలక దొరకడం వల్ల. కాబట్టి గుర్తుల రోమన్ పేర్లను (పాప్, మెష్, సు) ఉచ్చారణ అనుకుని ఏ భాషతోనూ పోల్చకండి. ఆ రాజును ఎవరూ పాప్-మెష్-సు అని పిలవలేదు.

7. ఏ నోటి మీదుగా వచ్చిందో స-ష చూసి చెప్పవచ్చు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన దశ ఇది. హీబ్రూ బైబిల్లోకి వచ్చిన పేర్లలో ష ఏమైందో చూడండి. షర్రు-కీన్ సర్గోను అయింది, ష పోయి స వచ్చింది. అష్షుర్-అఖు-ఇద్దిన ఏసర్హద్దోను అయింది, మళ్ళీ స. ఎషర్ర కూడా -ఎసెర్ అయింది. కానీ బబులోను పేరు బేల్-షర్-ఉసుర్‌లో ష అలాగే నిలిచింది: బెల్షస్సరు. కారణం, అస్సీరియా వాళ్ళు పలికే ష బయటివాళ్ళ చెవికి స లాగా వినిపించేది. బబులోను వాళ్ళ ష ష లాగే వినిపించేది. ఇంకో ఆనవాలు: రెండు అచ్చుల మధ్య క మెత్తబడి గ అవడం. కీన్ -గోను అయింది, తుకుల్తి తిగ్లత్ అయింది.

అంటే ఒక పేరులో ష బదులు స, క బదులు గ కనిపిస్తే అది అస్సీరియా నోటి మీదుగా వచ్చిందని అనుమానించవచ్చు.

ఇది ఇనుప సూత్రం కాదు. షల్మనేసెరులో మొదటి ష నిలిచింది, రెండోది స అయింది. హీబ్రూలో షలోమ్ మాట సొంతంగా ఉంది కాబట్టి మొదటి భాగాన్ని తమ మాటలా విన్నారేమో. సన్హెరీబు కొడుకు షరెజెరు పేరులోనూ ష ఉంది. అన్నిటికన్నా పెద్ద మినహాయింపు అష్షూరు అనే దేశం పేరే. అది హీబ్రూలో ష తోనే ఉంది, అదే మాట ఏసర్హద్దోనులో స తో ఉంది. దేశం పేరు వాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు, రాజు పేరు తర్వాత అస్సీరియా వాళ్ళ నోటివెంట విన్నారు అనుకుంటే రెండూ సరిపోతాయి.

8. విడిపోని పేర్లను పక్కన పెట్టండి, పారేయకండి

ఎంత ప్రయత్నించినా దేవుడూ క్రియా దొరకకపోతే ఆ పేరు వేరే భాషది కావచ్చు. అసలు మూలాల వేట రుచిగా ఉండేది ఈ కుప్పలోనే. అస్సీరియా సామ్రాజ్యం లక్షల మందిని ఊళ్ళు మార్చి తరలించింది, వాళ్ళు తమ పేర్లతో సహా వెళ్ళారు.

చివర -యౌ (యెహోవా పేరు ముక్క) ఉందా? యూదా, ఇశ్రాయేలు వైపు చూడండి. సన్హెరీబు శాసనంలో హిజ్కియా రాజు పేరు ఖజకియౌ అని ఉంది. కానీ హమాతు రాజు యౌ-బిఇది సిరియా వాడు, అతని పేరే ఇంకోచోట ఇలు-బిఇది అని ఉంది. యౌ స్థానంలో ఇలు, అంటే దేవుడు అనే మాట పెట్టారంటే యౌ దేవుడి పేరే అని రుజువు, కానీ ఆ మనిషి యూదా వాడని కాదు.

అదద్ తర్వాత నిరారి (నా సహాయం) బదులు ఇద్రి ఉంటే అరామిక్ (సిరియా వైపు భాష) వాసన. దమస్కు రాజును అస్సీరియా శాసనాలు అదద్-ఇద్రి అంటాయి.

పుతు- లేదా పుతి- తో మొదలైతే ఈజిప్టు. అష్షుర్‌బానిపాల్ జాబితాలో తానిస్ రాజు పుతుబిష్తి. ఈజిప్టు భాషలో "బాస్తెత్ దేవత ఇచ్చినవాడు".

క్రీ.పూ. 19వ శతాబ్దం నాటి కుల్తెపె (ఇప్పటి టర్కీ) పలకల్లో అష్షుర్ వర్తకుల పేర్ల పక్కనే స్థానికుల పేర్లు -అహ్షు అని ముగుస్తాయి. ఆడవాళ్ళకైతే -అహ్షుషర్. ఆ జత చూస్తే చాలు, అవి అస్సీరియా పేర్లు కావని తేలిపోతుంది.

ఇక మనకు ఆసక్తి కలిగించేవి. సర్గోను కాలంలో క్రీ.పూ. 716లో ఉయిష్దిష్ అనే చోట బగ్దత్తి అనే నాయకుడున్నాడు. బగ అంటే ప్రాచీన ఇరానీ భాషల్లో దేవుడు, దాత అంటే ఇవ్వబడినవాడు. మన దేవదత్తు అన్నట్టే. ఇంకా వెనక్కి వెళితే అస్సీరియా మీద కొంతకాలం పెత్తనం చేసిన మితన్ని (ఉత్తర సిరియా వైపు రాజ్యం) రాజుల్లో అర్తతమ, తుష్రత్త లాంటి పేర్లున్నాయి. అర్తతమను ఋతధామతో కలుపుతారు పండితులు. ఇది ఒక్క పేరు పోలిక మీద కట్టిన మాట కాదు. అదే మితన్ని వాళ్ళ ఒప్పందంలో మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యుల పేర్లున్నాయి, గుర్రాల శిక్షణ పుస్తకంలో ఐక, తేర, పంజ, సత్త అని అంకెలున్నాయి. రాజుల పేర్లు, దేవుళ్ళ పేర్లు, అంకెలు, మూడు వైపుల నుంచి ఒకే భాష కనిపిస్తోంది. ఆధారం అంటే ఇలా ఉండాలి.

ఒక పేరు మొదటి నుంచి చివరిదాకా: అద్రమ్మెలెకు

రాజులు రెండవ గ్రంథము 19వ అధ్యాయం చివర సన్హెరీబును అతని కొడుకులు అద్రమ్మెలెకు, షరెజెరు చంపారని ఉంది. ఇది క్రీ.పూ. 681లో జరిగింది. చాలాకాలం అద్రమ్మెలెకు ఎవరో అస్సీరియా రాతల్లో దొరకలేదు. మెలెకు అంటే హీబ్రూలో రాజు, అద్ర అంటే ఘనుడు అని అర్థం చెప్పుకుని ఊరుకున్నారు. చూడండి, హీబ్రూలో చక్కగా అర్థం వస్తోంది, అయినా తప్పే!

సన్హెరీబు కొడుకుల్లో ఒకడి పేరు పలకల మీద అరద్-నిన్‌లిల్ అని చదివేవారు. అరద్ అంటే సేవకుడు, నిన్‌లిల్ దేవత. 1980లో సిమో పర్పోలా అనే ఫిన్లండ్ పండితుడు ఒక ఉత్తరాన్ని మళ్ళీ చదివి, అందులో ఈ కొడుకే రాజు మీద కుట్ర చేస్తున్నట్టుందని చూపించాడు. నిన్‌లిల్ అని రాసే గుర్తులను అస్సీరియా వాళ్ళు ముల్లిస్సు అని పలికేవారు. అంటే పేరు అర్ద-ముల్లిస్సి. ఇప్పుడు పక్కపక్కన పెట్టండి:

అర్ద-ముల్లిస్సి
అద్రమ్మెలెకు

ర్ద తిరగబడి ద్ర అయింది. మ, ల అదే వరుసలో ఉన్నాయి. చివర స ఉండాల్సిన చోట క ఉంది, అది మెలెకు అనే తెలిసిన మాట వైపు జారడం వల్లో, రాతలో అక్షరం పొరబడడం వల్లో వచ్చి ఉండవచ్చు. గ్రీకులో మిగిలిన రూపం అద్రమెలోస్, అందులో క లేదు. ఆ క పరాయిది అని చెప్పడానికి ఇది రెండో సాక్షి. అక్షరాల వరుస, గుర్తుల సరైన చదువు, మనిషి చేసిన పని, మూడూ కలిశాయి కాబట్టే ఇది నిలబడింది. అక్షరాల పోలిక ఒక్కటే ఉంటే ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

ఎక్కువగా జరిగే తప్పులు

మన ఊరు అనే మాట, ప్రాచీన ఇరాక్‌లోని ఉర్ పట్టణం ఒకటే అనడం. ఉర్ పాత సుమేరియన్ రూపం ఉరిమ్. చివరి 'మ్' ఏమైందో చెప్పలేకపోతే మీ పోలిక అక్కడే ఆగిపోయింది. అక్కాడియన్ ఉమ్ము (తల్లి) అంటే మన అమ్మే అనడం కూడా ఇదే బాపతు. ప్రపంచంలో ఎన్నో భాషల్లో పసిపిల్లల నోటికి మ, ప, బ ముందు వస్తాయి కాబట్టి అమ్మా నాన్నల మాటలతో చుట్టరికం ఎప్పుడూ తేల్చకండి.

అసుర అంటే అష్షుర్ అనడం. దీని గురించే ఎక్కువ మెసేజ్‌లు. ప్రాచీన ఇరాన్ మతగ్రంథం అవెస్తాలో అసుర మాట అహుర అయి ఉంది. సప్త హప్త అయినట్టు, సోమ హోమ అయినట్టు. అంటే స హ గా మారే ఆ మామూలు నియమం లోపలే ఈ మాట కూడా ఉంది, భారత, ఇరానీ శాఖలు విడిపోక ముందు నుంచీ ఉన్న మాటలా నడుచుకుంటోంది. అష్షుర్ అవసరం లేకుండానే లెక్క సరిపోతోంది. పైగా అక్కడ జంట ష, ఇక్కడ ఒంటి స. ఎవరైనా ఈ రెండూ ఒకటే అంటే, ఆ ష ఎప్పుడు ఎలా స అయిందో, అలా మారిన ఇంకో రెండు మాటలేవో అడగండి.

నబు ఉంటే బబులోను వాడే అనుకోవడం. నబు బబులోను వైపు దేవుడే, కానీ క్రీ.పూ. 8వ శతాబ్దం తొలినాళ్ళ నాటికే అస్సీరియాలోని కల్హు పట్టణంలో ఒక అధికారి విగ్రహం మీద "నబును నమ్ము, ఇంకో దేవుణ్ణి నమ్మకు" అని చెక్కించాడు. అస్సీరియాలో నబు పేర్లు బోలెడు.

ఇప్పటి అస్సీరియన్ల పేర్లను నేరుగా పాత రాజులకు కలపడం. ఇరాక్, సిరియా, ఇంకా విదేశాల్లో ఉన్న అస్సీరియన్ క్రైస్తవుల్లో సర్గోన్, అష్షుర్, షమీరామ్ అనే పేర్లు ఇప్పుడు మామూలే, కానీ వీటిలో చాలావరకు గత నూటయాభై ఏళ్ళలో మళ్ళీ పెట్టుకోవడం మొదలుపెట్టినవి. అంతకుముందు నుంచీ ఉన్నవి ఓదీషో (యేసు సేవకుడు), ఖోషబా (ఆదివారం), గివర్గీస్ లాంటివి. అలాగని తెంపు పూర్తిగా ఉందనీ అనకండి: సామ్రాజ్యం కూలిన చాలా శతాబ్దాల తర్వాత, ఇరాన్ వైపు నుంచి ఏలిన పార్థియన్ల కాలంలో కూడా అష్షుర్ పట్టణపు అరామిక్ శాసనాల్లో ఆ దేవుడి పేరుతో మనుషులున్నారు. ఒక కుటుంబం మూలం గురించి చెప్పాలంటే పేరు ఎప్పుడు పెట్టారో ముందు కనుక్కోవాలి.

పేరుకు అంకెలు వేయడం. న్యూమరాలజీ కోసం పేరులో ఇంకో అక్షరం ఇరికించుకునే మనవాళ్ళకు ఇది నచ్చుతుంది: సర్గోను తన కొత్త రాజధాని గోడ 16,280 మూరలు కట్టించి, అది "నా పేరు సంఖ్య" అని రాయించాడు. ఆ లెక్క ఎలా వేశాడో ఇప్పటికీ అందరూ ఒప్పుకునే జవాబు లేదు. అదే ఆయన పేరులోంచి మూలాలు తీయడానికి మీరు అంకెలు వేయొద్దని చెప్పడానికి చాలు.

సరిచూసుకోవడం

మీ విడగొట్టు సరైనదో కాదో తెలియాలంటే ముందు అదే ముక్కతో ఇంకో మూడు పేర్లు వెతకండి. అర్థం మూడింట్లోనూ కుదరాలి. ఒక్కదాంట్లోనే కుదిరితే అనుమానమే.

తర్వాత ఊరు-కాలం గడి చూడండి. కుల్తెపె వర్తకుడి పేరులో క్రీ.పూ. 7వ శతాబ్దపు నియమం వాడితే తప్పు. అస్సీరియాలో ప్రతి ఏడాదికీ ఒక అధికారి పేరు పెట్టేవారు. బూర్-సగల్లె పేరు పెట్టిన ఏడాది వచ్చిన సూర్యగ్రహణం క్రీ.పూ. 763 జూన్ 15 నాటిదని లెక్క తేలింది కాబట్టి చుట్టుపక్కల ఏళ్ళన్నీ ఖచ్చితంగా చెప్పగలుగుతున్నాం. పలక మీద ఏడాది అధికారి పేరుంటే కాలం గడి నింపడం తేలిక.

ఆ మీదట వేరే భాషలో అదే మనిషి పేరు దొరుకుతుందేమో చూడండి, అద్రమ్మెలెకుకు గ్రీకు రూపం దొరికినట్టు. నెబుకద్నెజరు పేరే తీసుకోండి: హీబ్రూలో కొన్ని గ్రంథాల్లో న తో, యిర్మీయా, యెహెజ్కేలుల్లో ఎక్కువగా ర తో ఉంటుంది. అక్కాడియన్ రూపం కుదుర్రి కాబట్టి ర ఉన్నదే అసలుకు దగ్గర.

చివరగా, ఎదురు పరీక్ష. ఏ సంబంధం ఉండే వీలు లేని భాషలోంచి ఓ వంద మాటలు తీసుకుని మీ పేర్లతో పోల్చండి. అక్కడ కూడా మీకు అంతే పోలికలు వస్తే, మీరు ముందు పట్టుకున్నవి కాకతాళీయాలే. ఇది చేయడానికి చాలామందికి మనసు ఒప్పదు, ఎందుకో ఊహించవచ్చు.

సాధన కోసం నాలుగు పేర్లు ఇస్తున్నా. అష్షుర్-ఉబల్లిత్, పాన్-అష్షుర్-లామూర్, ఎరీబ-అదద్, మర్దుక్-అప్ల-ఇద్దిన. పాన్ అంటే ముఖం, మర్దుక్ బబులోను దేవుడు, మిగతా ముక్కలన్నీ పైన ఉన్నాయి. నాలుగోది తెలుగు బైబిల్లో యెషయా 39వ అధ్యాయంలో ఏ పేరుగా ఉందో మీరే వెతికి, మధ్యలో ఏ అక్షరాలు మారాయో గళ్ళలో రాసుకోండి.